కోటు అందంగా ఉండాలి: టీనేజ్ పాఠకుల కోసం రాసిన ఒక డిస్టోపియా వ్యంగ్య నవల ఎడిటింగ్ కేస్ స్టడీ

ఫ్యాషన్, కీర్తి, కొనుగోళ్ల పిచ్చి మీద టీనేజ్ పిల్లల కోసం తెలుగులో రాసిన ఒక డిస్టోపియా నవల (రాబోయే చెడ్డకాలాన్ని ఊహించి రాసే కథ) రాతప్రతి ఎడిటింగ్‌కి వచ్చినప్పుడు జరిగిన పని ఇది. రచయిత్రి అనుమతితోనే రాస్తున్నాను. నవల పేరు, పాత్రల పేర్లు, ప్రచురణకర్త వివరాలు తీసేశాను. గుర్తుపట్టే వీలున్న సంగతులు కొన్ని మార్చాను. ఇలాంటి రాతప్రతులు ఇప్పుడు తరచుగా వస్తున్నాయి, వాటిలో చాలావరకు ఒకే చోట కుంటుపడుతున్నాయి. అందుకే ఈ ఒక్కదాన్ని వివరంగా పెడుతున్నాను.

నేపథ్యం

రాతప్రతి 92,000 పదాలు, 41 అధ్యాయాలు. డెమ్మీ 1/8 సైజులో, పేజీకి 240 పదాల లెక్కన, 380 పేజీలు దాటుతుంది. 14 నుంచి 18 ఏళ్ల వాళ్లకు ఇది పెద్ద పుస్తకమే.

కథ రాబోయే కాలంలో, పేరు చెప్పని ఒక కోస్తా నగరంలో జరుగుతుంది. అక్కడ ప్రతి బట్టకీ ఏడు రోజుల గడువు ఉంటుంది. ఎనిమిదో రోజు దాని రంగు దానంతట అదే వెలిసిపోతుంది. మనిషి కాలరు మీద 'వెలుగు' అనే అంకె కనిపిస్తూ ఉంటుంది. వెలిసిన బట్ట వేసుకుంటే ఆ అంకె పడిపోతుంది. బస్సులో సీటు, బడిలో బెంచీ, ఆసుపత్రిలో వరస అన్నీ దాని మీదే. కథానాయికకి పదహారేళ్లు. తల్లి గడువు తీరిన బట్టల్ని చింపే యార్డులో పనిచేస్తుంది, నాయనమ్మ ఒకప్పటి చేనేత మనిషి. ఒక కంపెనీ ఆ అమ్మాయిని తన 'ముఖం'గా ఎంచుకోవడంతో కథ మొదలవుతుంది.

రచయిత్రికి బట్టల వ్యాపారం లోపలి సంగతులు బాగా తెలుసు. మిల్లు ధర, టోకు ధర, సీజన్ చివర సరుకు ఏమవుతుంది, ఫొటో షూట్‌కి పిన్నులు ఎక్కడ పెడతారు, ఇవన్నీ ఆమెకి కంఠతా వచ్చు. ఆ బలం రాతప్రతిలో ఎక్కడా కనిపించకపోవడమే మొదట ఆశ్చర్యం కలిగించింది.

వచ్చిన సమస్య

ప్రచురణకర్త రాసిన ఉత్తరం ఒక్క వాక్యం: 'కథ నెమ్మదిగా ఉంది, ఇరవై వేల పదాలు తీసేయండి.' రచయిత్రి ఇంకోలా అనుకుంటున్నారు. పిల్లలకి ఆ లోకం అర్థం కావడం లేదని, ఇంకొంచెం వివరించాలని ఆమె నమ్మకం. అప్పటికే పుస్తకం మొదట్లో మూడు పేజీల పదకోశం చేర్చారు.

ఈ రెండు అభిప్రాయాల్లో దేన్నీ వెంటనే ఒప్పుకోకుండా, ముందు ఎనిమిది మంది పిల్లల చేత చదివించాం. తల్లిదండ్రుల అనుమతి తీసుకున్నాం. అందరూ 14 నుంచి 17 ఏళ్ల వాళ్లు, సగం మంది తెలుగు మాధ్యమం, సగం మంది ఇంగ్లిష్ మాధ్యమంలో చదువుతూ ఇంట్లో తెలుగు చదివేవాళ్లు. కాయితాల మీద ప్రింటు తీసి ఇచ్చాం. ఫోన్‌లో ఇస్తే ఎక్కడ ఆగారో తెలుస్తుంది కానీ ఎందుకు ఆగారో తెలియదు. 'బాగుందా?' అని అడగకూడదని ముందే అనుకున్నాం, ఆ ప్రశ్నకి పిల్లలు మర్యాద కోసం అవుననే అంటారు. అడిగినవి మూడే: ఎక్కడ ఆపి పక్కన పెట్టావు? స్నేహితులకి చెప్పాలనిపించిన వాక్యం ఏది? తర్వాత ఏం జరుగుతుందనుకుంటున్నావు?

ఎక్కువమంది మూడో అధ్యాయానికీ ఆరో అధ్యాయానికీ మధ్య ఆగిపోయారు. రెండో ప్రశ్నకి దాదాపు ఎవరూ ఏమీ రాయలేదు. మూడో ప్రశ్నకి మాత్రం అందరి జవాబూ ఒకటే: 'చివరికి తిరుగుబాటు చేస్తుంది.' ఒక పాప అంచున రాసిన మాట ఈ కేసుకి తాళం చెవి: 'ఈ అమ్మాయికి మొదటినుంచే అన్నీ తెలుసు కదా, మరి ఎందుకు వెళ్లింది?'

అంటే లోకం అర్థం కాకపోవడం సమస్య కాదు. మొదటి అయిదు అధ్యాయాల్ని మూడు రంగుల పెన్సిళ్లతో గీసి చూశాం. కథ చెప్పే గొంతు తీర్పు ఇచ్చిన వాక్యాలకి ఎరుపు, లోకపు నియమాలకి నీలం, కథానాయిక ఏదైనా కోరుకున్న వాక్యాలకి ఆకుపచ్చ. పేజీలకు పేజీలు ఎర్రబడ్డాయి. నీలం అక్కడక్కడా ఉంది. ఆకుపచ్చ వెతుక్కోవాల్సి వచ్చింది. ఈ పద్ధతి ఎవరైనా ఒక మధ్యాహ్నంలో చేసుకోవచ్చు. రాతప్రతి జబ్బు వేగానిదో, గొంతుదో తేల్చడానికి ఇంతకంటే తేలికైన దారి నాకు కనబడలేదు.

పాత మొదటి పేజీలోంచి రెండు వాక్యాలు:

'వినియోగ మత్తులో మునిగిన ఆ నగరంలో మనుషులు బొమ్మలుగా మారిపోయారు. అందం పేరుతో తమను దోచుకుంటున్నారన్న స్పృహ వాళ్లలో ఏ ఒక్కరికీ లేదు.'

ఇది చదివిన పిల్లకి ఇక తెలుసుకోవలసింది మిగల్లేదు. పైగా తను కూడా పండక్కి కొత్త డ్రెస్ కోసం మారాం చేసిన పిల్లే. ఆ వాక్యం తనని కూడా తిట్టింది.

ముందు చేసి చూసినవి

మొదట ప్రచురణకర్త అడిగిన పనే చేశాం, అది తేలికగా తేలిపోయే ప్రశ్న కాబట్టి. పదకోశం తీసేశాం, కల్పిత పదాలు అరవై దాకా ఉంటే తొమ్మిదికి దించాం, రెండు ఉపకథలు కోశాం. 74,000 పదాలకి వచ్చింది. పిల్లలు ఒకట్రెండు అధ్యాయాలు ముందుకు వెళ్లారు, అంతే. గొంతు మారనప్పుడు పొడవు తగ్గిస్తే ఉపన్యాసం చిన్నదవుతుంది, ఉపన్యాసం కాకుండా పోదు. పదకోశం తీయడం, పదాలు తగ్గించడం మాత్రం చివరిదాకా నిలిచిన లాభాలు.

రెండోసారి రచయిత్రి అతిశయోక్తి పెంచారు. జుట్టులో బతికున్న చేపపిల్లల గాజుబుడ్లు, ఇద్దరు మనుషులు మోస్తే తప్ప నడవలేని పావడాలు, నోరు తెరవడానికి వీల్లేని ముఖపు అద్దకం. మొదటి అధ్యాయంలో పిల్లలు నవ్వారు. మూడో అధ్యాయానికి ఆ నవ్వు అయిపోయింది. వికారమైన బట్టల్ని చూసి నవ్వేటప్పుడు పాఠకుడు ఆ బట్టలకి బయట నిలబడి ఉంటాడు. 'నేను ఇంత పిచ్చివాణ్ని కాను' అనుకుని పుస్తకం మూసేస్తాడు. ఈ రకం వ్యంగ్యం ఎవరినీ తాకదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ రంగంలో ఊహ కంటే నిజం ముందుంది. రచయిత్రి కల్పించిన బట్టల కొండ చిలీలోని అటకామా ఎడారిలో ఉంది, అమ్ముడుపోని, వాడి పారేసిన బట్టలు అక్కడ గుట్టలుగా పడి ఉన్నాయి. కొత్త సరుకుని విలువ తగ్గకుండా తగలబెట్టే సన్నివేశం కూడా కొత్తది కాదు. బర్బెరీ కంపెనీ ఒక్క ఏడాదిలో 2.86 కోట్ల పౌండ్ల విలువైన సరుకు నాశనం చేసిందని 2018లో దాని వార్షిక నివేదికే చెప్పింది. నిజం ఇలా ఉన్నప్పుడు పావడా పొడవు పెంచి లాభం లేదు. రూపాన్ని కాదు, నియమాన్ని పెంచాలి అనే నిర్ణయం ఇక్కడ పుట్టింది.

మూడోది, కంపెనీ అధిపతికి ఒక ముఖం ఇవ్వడం. గాజు మేడలో కూచుని, తన పథకమంతా కథానాయికకి విడమరిచి చెప్పే మనిషి. ఆయన వచ్చినప్పటినుంచి నగరంలో తప్పంతా ఆయనదే అయిపోయింది. ఆయన్ని దించితే సరిపోతుందన్నట్టు తయారైంది కథ. వినియోగ సంస్కృతిలో భయంకరమైన విషయం అందులో అందరూ కొంచెం కొంచెం మంచివాళ్లుగానే ఉండటం: రిబ్బను కట్టే అక్క, ఫొటో తీసే అన్న, కూతురి కాలరు సరిచేసే అమ్మ. అధిపతిని పూర్తిగా తీసేశాం. చివరి ప్రతిలో కంపెనీ తరఫున మాట్లాడేది ఒక మర్యాదస్తురాలైన ఒప్పందాల గుమాస్తా మాత్రమే. ఆమె కాలరు అంకె కూడా పడిపోతూ ఉంటుంది.

పనిచేసిన మొదటి మార్పు: కోరికని నిజంగా రాయడం

రచయిత్రికి ఇచ్చిన మొదటి అభ్యాసం ఇది. కథానాయిక కంపెనీ కోటు మొదటిసారి వేసుకునే దృశ్యాన్ని 600 పదాల్లో రాయాలి. కోటు నిజంగా అందంగా ఉండాలి. కథ చెప్పే గొంతు ఒక్క విమర్శ కూడా చేయకూడదు. 'అయితే', 'కానీ', 'పాపం' అనే మాటలు వాడకూడదు.

ఆమె గట్టిగా అభ్యంతరం చెప్పారు. కోటు అందంగా ఉందని రాస్తే దానికి ప్రకటన రాసినట్టే కదా అన్నారు. న్యాయమైన భయమే. దానికి ఇచ్చిన జవాబు: కోటు అందమైనది కాకపోతే అమ్మాయి మూర్ఖురాలవుతుంది. మూర్ఖురాలి కష్టం పిల్లలకి పట్టదు. కోటు అందంగా ఉండి, దాని ధర తర్వాత తెలిస్తే, ఆ ధర చదివేవాళ్ల మీద కూడా పడుతుంది. వాళ్లూ దాన్ని కావాలనుకున్నారు కాబట్టి.

వ్యాపారం తెలిసిన మనిషి కావడంతో ఆమె ఒకసారి ఒప్పుకున్నాక అద్భుతంగా రాశారు:

'కోటు లోపల పట్టు. చెయ్యి దూర్చగానే మోచేతి దాకా చల్లగా పాకింది. అమ్మ వెనక నిలబడి కాలరు సరిచేసింది. మరకవుతుందేమోనని ముందే పవిట చెంగుకి వేళ్లు రెండుసార్లు తుడుచుకుంది. "తిరుగవే," అంది. తిరిగాను. అమ్మ నన్ను అలా చూడటం అదే మొదటిసారి.'

ఇక్కడ కోరిక ఉంది, పేదరికం ఉంది, తల్లి ప్రేమ ఉంది, రాబోయే ఉచ్చు కూడా ఉంది. ఒక్క తీర్పు లేదు. దీన్నే మొదటి అధ్యాయం చేశాం. నగర వర్ణనతో మొదలైన పాత మూడు అధ్యాయాలు పోయాయి. కథ ప్రథమ పురుషలోంచి ఉత్తమ పురుషలోకి మారింది. 'నేను' అని చెబుతున్న పదహారేళ్ల పిల్ల తనకి తెలియని విషయం మీద తీర్పు చెప్పలేదు, అందుకే ఎరుపు గీతలు వాటంతట అవే తగ్గాయి.

నియమాన్ని ఒక మెట్టు మాత్రమే పెంచడం

పాత ప్రతిలో నగరానికి డజన్లకొద్దీ వింత చట్టాలు ఉండేవి. వాటన్నిటినీ పక్కన పెట్టి, ఇప్పుడు మన చుట్టూ నిజంగా ఉన్న పద్ధతుల జాబితా రాసుకున్నాం. ప్రతిదానికీ ఒకటే ప్రశ్న: దీన్ని ఒక్క మెట్టు పైకి జరిపితే ఏమవుతుంది?

బాగా ఉపయోగపడింది కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో 'డార్క్ ప్యాటర్న్స్' మీద ఇచ్చిన మార్గదర్శకాలు. ఆన్‌లైన్ అమ్మకాల్లో కొనేవాణ్ని మాయచేసే పద్ధతులు 13 అందులో ఉన్నాయి: లేని తొందర కల్పించడం, బుట్టలో చెప్పకుండా వస్తువు చేర్చడం, వద్దన్నవాణ్ని సిగ్గుపడేలా చేయడం, మానుకోవడానికి దారి లేని చందాలు వగైరా. విమాన టికెట్ కొనేటప్పుడు బీమా వద్దనుకుంటే 'నేను రక్షణ లేకుండా ఉంటాను' అన్నట్టు ఒప్పుకోవాల్సి రావడం అందులో ఇచ్చిన ఉదాహరణే. వీటిలోంచి మూడే తీసుకున్నాం. పదమూడూ వాడితే అది పట్టిక అవుతుంది.

సిగ్గుపడేలా చేయడం అనేదాన్ని రచయిత్రి ఒక మెట్టు పెంచిన తీరు: నవలలో కొత్త బట్ట వద్దనాలంటే బటన్ నొక్కితే సరిపోదు, అక్కడ రాసి ఉన్న వాక్యాన్ని పైకి చదవాలి. 'మా అమ్మ వెలిసిపోయి కనిపించినా నాకు ఫరవాలేదు' అని బస్టాపులో, పదిమంది మధ్య. పిల్లలు ఈ చోట ఆగి, వెనక్కి తిప్పి మళ్లీ చదివారు. ఇక్కడ నవ్వు వస్తుంది, ఆ వెంటనే గొంతుకి అడ్డం పడుతుంది.

రెండో నిజమైన ఇంధనం ప్రకటనల చట్టం నుంచి వచ్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనలో నటించి వస్తువుని సమర్థించినవాళ్లకి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. ఏడాది పాటు, మళ్లీ చేస్తే మూడేళ్ల దాకా, వేరే ప్రకటనల్లో కనిపించకుండా నిషేధించవచ్చు. తగిన జాగ్రత్త తీసుకుని నిజానిజాలు చూసుకున్నామని చూపిస్తే బయటపడొచ్చు. ఇది మంచి చట్టం. నవలలో దీన్ని ఒక్క మెట్టు తిప్పాం: అక్కడ బాధ్యత కంపెనీకి ఏమీ ఉండదు, మొత్తం 'ముఖానిదే'. కంపెనీలు అందమైన పేదపిల్లల్ని వెతుక్కునేది అందుకే. కోటు రంగు ఒంటికి పడక పిల్లలకి దద్దుర్లు వచ్చినప్పుడు కోర్టు బోనులో నిలబడేది పదహారేళ్ల కథానాయిక. ఈ ఒక్క మలుపుతో కీర్తి అంటే ఏమిటో కథే చెప్పింది, ఉపన్యాసం అక్కర్లేకపోయింది. పాత ప్రతిలో లేని కథానడక కూడా దొరికింది.

మూడోది చెప్పకుండా చేసే ప్రకటన. మన దేశంలో ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే ఇన్‌ఫ్లుయెన్సర్లు డబ్బు తీసుకుని పెట్టిన పోస్టుకి ఆ మాట స్పష్టంగా రాయాలని నియమం పెట్టింది. పాత ప్రతిలో పాత్రలు డబ్బు తీసుకుని మాట్లాడిన ప్రతి వాక్యం పక్కన ఒక గంట మోగేది. ఆ గంట తీసేయించాం. ఆరో అధ్యాయంలో ప్రాణస్నేహితురాలు మూడు మాటలు అంటుంది. వాటిలో ఒకటి, 'నీ మెడకి నీలం భలే ఉంటుందే, నిజం చెప్తున్నా'. పద్నాలుగో అధ్యాయంలో ఆ మూడు మాటలూ ఒక రశీదు మీద, ధరలతో సహా కనిపిస్తాయి. చదివేవాళ్లు కూడా మోసపోయి ఉంటారు. దీనికి ఒక జాగ్రత్త అవసరం: ఆ మాటలు మామూలుగా, అవసరమైన చోటే రావాలి. మొదటి ముసాయిదాలో మూడూ ఒకే పేజీలో పడి అనుమానం తెప్పించాయి, వాటిని అధ్యాయమంతా చెదరగొట్టాక పని చేసింది.

లెక్క కాయితం

పాత ప్రతిలో కథానాయిక అప్పు 'లక్షల కోట్లు'. ఆ అంకె ఎవరికీ నొప్పి కలిగించదు. పిల్లలు చేత్తో వేసుకోగలిగిన లెక్క కావాలి.

రచయిత్రి మొదట చేసిన పట్టికలో పదకొండు వరసలు ఉన్నాయి. అందరూ దాటేశారు. నాలుగు వరసలకి కుదించాం. వారం సంపాదన 14,500. కోతలు: మూడు జతల బట్టలు, జతకి 4,000 చొప్పున 12,000, అలంకరణ, ఫొటోలు 3,500, వెలుగు బీమా 1,500. కోతలు మొత్తం 17,000, అంటే వారానికి 2,500 లోటు. చేరేటప్పుడు తల్లి వైద్యానికి తీసుకున్న బయానా 3,00,000, నూటికి రెండు రూపాయల వడ్డీ. ఏడాది తిరిగేసరికి లోటు 1,30,000, బయానా మీద వడ్డీ 72,000. లోటుకి వడ్డీ వేయకుండానే బాకీ 5,02,000 అవుతుంది.

ఈ కాయితం నవలలో మూడుసార్లు వస్తుంది, రెండు, తొమ్మిది, పంతొమ్మిది అధ్యాయాల్లో. ప్రతిసారీ ఒక్క వరస మాత్రమే మారుతుంది. తొమ్మిదిలో కొత్తగా చేరే వరస 'ముఖ హామీ', అదే కోర్టు కథకి తలుపు. మూడుసార్లకి మించితే విసుగు, ఒక్కసారే వస్తే మరచిపోతారు. చదివిన పిల్లల్లో ఇద్దరు అంచున కూడికలు వేసి చూసుకున్నారు. అది చూశాక ఈ కాయితం గురించి ఇంకేమీ మార్చలేదు.

బయానా అనే ఆలోచన గాల్లోంచి వచ్చింది కాదు. తమిళనాడు స్పిన్నింగ్ మిల్లుల్లో 'సుమంగళి' పేరుతో నడిచిన పద్ధతి దగ్గరి పోలిక. పెళ్లీడు అమ్మాయిల్ని మూడేళ్ల ఒప్పందం మీద తీసుకుని, చివర్లో కట్నానికి పనికొచ్చేలా మొత్తంగా డబ్బు ఇస్తామనేవాళ్లు, మధ్యలో మానేస్తే ఆ మొత్తం మీద ఆశ పోయినట్టే. 'అమ్మాయి ఎందుకు వెళ్లిపోలేదు?' అన్న ప్రశ్నకి అందులోనే జవాబు ఉంది.

యార్డు, నాయనమ్మ మగ్గం

తల్లి పనిచేసే యార్డు పాత ప్రతిలో 'రాక్షస యంత్రాల మోత'. పని అంటూ ఏమీ లేదు. దీనికి హర్యానాలోని పానిపట్ నమూనాగా తీసుకోమన్నాం. ప్రపంచం వాడి పారేసిన ఉన్ని బట్టలు అక్కడ చిరిగి మళ్లీ దారమవుతాయి. వరస ఇలా ఉంటుంది: జిప్పులు, గుండీలు, లేబుళ్లు కోసి తీయడం, రంగుల వారీగా కుప్పలు వేయడం, దీనివల్ల మళ్లీ అద్దకం వేయనవసరం ఉండదు, ముక్కలు చేయడం, చింపే యంత్రంలో వేసి పీచు చేయడం, వడకడం, చివరికి చవక దుప్పట్లు. నవలలో తల్లి రంగుల కుప్పల దగ్గర కూచుంటుంది. కూతురు టీవీలో వేసుకున్న నీలం కోటు ఎనిమిదో రోజు తర్వాత ఏ కుప్పలోకి వస్తుందో ఆమెకి తెలుసు. రచయిత్రి దీనికి చేర్చిన ఒక వివరం అన్నిటికంటే బాగా నిలిచింది: తల్లి కూతురి కోటు లేబుల్ని మాత్రం కోసి, జాకెట్ లోపల దాచుకుంటుంది.

యార్డులో అగ్నిప్రమాదంతో పతాక సన్నివేశం ఉండేది. మంటలు, అరుపులు, పన్నెండు పేజీలు. దాన్ని తీయడానికి కారణం రానా ప్లాజా. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సావర్‌లో బట్టల ఫ్యాక్టరీలున్న ఆ ఎనిమిదంతస్తుల భవనం కూలి 1,134 మంది చనిపోయారు. కానీ గోడలు అంతకుముందు రోజే పగిలాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూసేశారు. మర్నాడు పొద్దున కుట్టుపని వాళ్లని మాత్రం లోపలికి రమ్మన్నారు. అసలు ఘోరం ఆ పొద్దుటి పిలుపు. అందుకే నవలలో ప్రమాదం చూపించలేదు. ముందురోజు సాయంత్రం గోడ పగులు దగ్గర నిలబడి, రేపు పనికి రాకపోతే బీమా కోత ఎంతో లెక్కపెట్టుకునే ఆడవాళ్ల సంభాషణ రెండు పేజీలు ఉంది. తర్వాత అధ్యాయం మూడు రోజుల అవతల మొదలవుతుంది.

నాయనమ్మ దగ్గర పోట్లాట ఎక్కువ జరిగింది. రచయిత్రికి ఆమె పవిత్రమైన గతం: చేనేత మంచి, ఫ్యాషన్ చెడు. తెలుగువాళ్లం చాలామందిమి ఇలాగే అనుకోవడానికి ఇష్టపడతాం. కానీ నేతకారుల ఇళ్లల్లో కూడా నూలు షావుకారుదే, బయానా షావుకారుదే, కూలి అందులో విరిగేదే. పోచంపల్లి చీరకి ఆసు పోయడంలో, అంటే నేతకి ముందు దారాన్ని మేకుల చుట్టూ చుట్టడంలో, ఆడవాళ్లు ఒక్క చీరకే వేలసార్లు చెయ్యి కదపాల్సి వచ్చేది. తల్లి భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం చేశారు. నాయనమ్మని పవిత్రం చేస్తే ఆ భుజం నొప్పి మాయమైపోతుంది, కథ మళ్లీ పాఠమైపోతుంది. చివరి ప్రతిలో ఆమెకి కుడి చెయ్యి పూర్తిగా లేవదు. తను నేసిన చీర తను ఎప్పుడూ కట్టుకోలేదని, ఒక్కసారి కట్టుకోవాలని ఉండేదని ఆమె మనవరాలికి చెబుతుంది. కోటు అద్దం ముందు వేసుకున్న పిల్లకి, ఆ ముసలమ్మకి మధ్య మొదటిసారి చుట్టరికం కుదిరింది అక్కడే. దాన్ని ఎక్కడా వివరించవద్దని మాత్రం పట్టుబట్టాం.

ఒక సాంకేతిక వివరం కథలో పావులా ఉపయోగపడింది. ఇకత్‌లో, అంటే పోచంపల్లి తరహా నేతలో, దారాన్ని ముందే కట్టి అద్ది, తర్వాత నేస్తారు. కాబట్టి పువ్వు అంచు కొంచెం మసకగా ఉంటుంది, రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. అచ్చు వేసిన నకలులో అంచు పదునుగా ఉంటుంది, వెనక వైపు వెలవెలబోతుంది. కంపెనీ నాయనమ్మ డిజైను దొంగిలించి అచ్చువేసిందని కథానాయిక కోటు మడిచి వెనకవైపు చూసి కనిపెడుతుంది. పాత ప్రతిలో ఇదే విషయం ఒక రహస్య పత్రం దొరికి తెలిసేది.

ముగింపు

మొదటి ముగింపులో జనమంతా బట్టలు సముద్రంలో పారేస్తారు, అంకెలన్నీ ఆరిపోతాయి. పిల్లలు ముందే ఊహించిన తిరుగుబాటు అదే. పైగా అది నిజం కాదు: ఈ వ్యవస్థ తిరుగుబాటుని కూడా చొక్కా మీద అచ్చువేసి అమ్మగలదు. రెండో ముసాయిదాలో కథానాయికే అమ్ముడుపోయి కంపెనీ పక్షాన చేరుతుంది. అది తెలివైన ముగింపే, కానీ పద్నాలుగేళ్ల పిల్ల చేతిలో తలుపులన్నీ మూసి పెట్టినట్టుగా ఉంది.

నిలిచింది మూడోది. ప్రత్యక్ష ప్రసారంలో కథానాయిక తన లెక్క కాయితాన్ని వరసవరసగా చదువుతుంది. ఒప్పందం ప్రకారం 'ముఖం' 90 సెకన్లు కోత లేకుండా తెర మీద ఉండాలి, కాబట్టి వాళ్లు ఆపలేరు. మరుసటి వారం ఆ లెక్క అంకెలు అచ్చువేసిన చొక్కాలు దుకాణాల్లోకి వస్తాయి, ఎనిమిదో రోజుకి తల్లి కుప్పలోకి చేరతాయి. అప్పు తీరదు. కానీ వేరే ముగ్గురు 'ముఖాలు' గుమాస్తా బల్ల దగ్గరికి వెళ్లి తమ కాయితం చూపించమంటారు. 90 సెకన్ల నియమాన్ని రెండో అధ్యాయంలోని ఒప్పందంలోనే, ఒక మామూలు షరతుగా నాటాం. చివర్లో అప్పటికప్పుడు వస్తే మోసంలా ఉంటుంది.

ఫలితం, మిగిలిన చిక్కులు

చివరి ప్రతి 58,000 పదాలు, 24 అధ్యాయాలు, 240 పేజీలకు కాస్త పైన. రెండో విడత చదివిన వాళ్లు వేరే పిల్లలు. ఎక్కువమంది చివరిదాకా వెళ్లారు. 'తర్వాత ఏం జరుగుతుంది?' అన్న ప్రశ్నకి జవాబులు ఈసారి ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి, మాకు కావలసింది అదే. స్నేహితులకి చెప్పాలనిపించిన వాక్యంగా ఎక్కువమంది రాసింది బస్టాపులో పైకి చదివే మాట.

ఇలాంటి రాతప్రతి చేతికొస్తే పని వరస ఇలా పెట్టుకోవడం మేలని ఇప్పుడు అనిపిస్తోంది: ముందు రంగు పెన్సిళ్లు, తర్వాత కోరిక దృశ్యం, తర్వాతే నియమాలు, అన్నిటికంటే చివర పొడవు. పొడవుతో మొదలుపెడితే ఉంచాల్సిన నియమాలు కూడా కోతలో పోతాయి. ఇక్కడ 'వెలుగు బీమా' మొదటి కోతలో పోయి, లెక్క కాయితం కోసం వెనక్కి తేవాల్సి వచ్చింది. పిల్లల చేత చదివించడం కోరిక దృశ్యం తర్వాత ఒకసారి, మొత్తం అయ్యాక ఒకసారి సరిపోతుంది. ప్రతి ముసాయిదాకీ అదే పిల్లల్ని అడిగితే వాళ్లు పాఠకులుగా మిగలరు, సలహాదారులైపోతారు.

రెండు విషయాలు పరిష్కారం కాకుండానే అచ్చుకి వెళ్లాయి. పదకొండో అధ్యాయంలో కోర్టు సన్నివేశం ఇప్పటికీ బరువుగా ఉంది. చట్టం తిప్పిన తీరు పాఠకుడికి అక్కడే అర్థం కావాలి కాబట్టి ఇంకా తగ్గించలేకపోయాం. అలాగే కథానాయిక తమ్ముడు. అబ్బాయిల మీద ఈ సంస్కృతి పడే తీరు వేరు: బూట్లు, కండలు, బైకు. అతనికి నాలుగు దృశ్యాలే ఉన్నాయి, అవి చాలవు. పెంచితే కథ రెండుగా చీలుతుందని రచయిత్రి ఆగారు. అతనితో రెండో పుస్తకం రాయాలని ఉందంటున్నారు. దానికి ఇప్పటికే ఒక కోరిక దృశ్యం రాసి పంపారు, తెల్ల బూట్ల గురించి.